సున్నపుబట్టీల కాలనీలో చెరువు దొంగతనం

సున్నపుబట్టీల కాలనీ మూడో వీధిలో, దుమ్ము లేస్తున్న పొడి రోడ్డు మీద, నీళ్ళ ట్యాంకరు డ్రైవరు మునిగిపోతున్నాడు. అప్పటికి రెండుసార్లు పైకి తేలాడు. మళ్ళీ తేలేసరికి బంగారమ్మ దండెం కర్ర అందించింది.

"పట్టుకో బాబూ, గింజుకోకు. గింజుకుంటే ఇంకా లోతుకి పోతావు," అంది.

అతను కర్ర పట్టుకున్నాడు. ఆమె లాగి తన ఇంటి అరుగు మీద పడేసింది. అతని జుట్టులో నాచు ఉంది. చొక్కా జేబులోంచి ఒక చిన్న చేప ఎగిరి నేల మీద పడి, పడీ పడగానే కనిపించకుండా పోయింది. అతని పక్కనే చాప మీద ఆరబోసిన మిరపకాయలు గలగలలాడుతూ ఎండుతూనే ఉన్నాయి. ఎదురింటావిడ బియ్యంలో రాళ్ళేరుకుంటూ తలెత్తి చూసి, డ్యూటీ మీద వచ్చాడా అని అడిగి, అవునంటే మళ్ళీ తల దించుకుంది.

అందులో వింతేమీ లేదు. అంతకు ముందు గ్యాసు సిలిండరు తెచ్చినతను మునిగాడు. పోస్టుమాన్ మునిగాడు. టీకాలు వేసే నర్సమ్మకు ఈత వచ్చు కనుక ఆవిడ ఒక చేత్తో ఈదుకుంటూ ఇంకో చేత్తో పిల్లలకు సూదులు వేసి వెళ్ళింది. కరెంటు బిల్లు ప్లాస్టిక్ కవరులో తేలుతూ వచ్చేది. ఓట్లడిగేవాళ్ళు మాత్రం మడమలు కూడా తడవకుండా వచ్చి, చంకలో పిల్లల్ని ఎత్తుకుని ఫోటోలు దిగి వెళ్ళారు.

ఇదంతా జనాభా సర్వే వల్ల వచ్చింది. నగరంలో అనుమతి లేని బస్తీల్లో ఎందరు బతుకుతున్నారో తేల్చడానికి డిజిటల్ మ్యాపింగ్ మొదలుపెట్టారు. పాత పద్ధతిలో లెక్కలవాళ్ళు ఇంటింటికీ తిరిగి, కుక్కల చేత తరిమించుకుని, ఎవరింట్లోనో టీ తాగి పేర్లు రాసుకునేవారు. కొత్త పద్ధతిలో ఎవరూ బస్తీలోకి రానక్కర్లేదు. డ్రోన్ పైనుంచి ఫోటోలు తీస్తుంది. కంప్యూటరు ప్రతి ఇంటి కప్పు మీదా ఒక ఎర్ర చుక్క పెడుతుంది. చుక్కకు ఇంతమంది చొప్పున హెచ్చిస్తే జనాభా వచ్చేస్తుంది. చుక్క పడ్డ ఇంటికి నంబరు వస్తుంది. నంబరు వచ్చిన ఇంట్లోవాళ్ళు మనుషులవుతారు.

సున్నపుబట్టీల కాలనీకి చుక్కలు పడలేదు. ఆ కాలనీ ఇళ్ళన్నీ ఒకదానికొకటి అంటుకుని ఉంటాయి. ఎవరి కప్పు వాళ్ళు కప్పుకుంటే రెండు కప్పుల మధ్య సందులోంచి నీళ్ళు దిగి ఇద్దరి గోడలూ నానిపోతాయి. అందుకని వానాకాలం వస్తే కాలనీ అంతా కలిసి నీలం టార్పాలిన్లు కొని, అంచుకు అంచు కుట్టి, మొదటి ఇంటి నుంచి చివరి ఇంటి దాకా ఒకటే దుప్పటిలా కప్పేస్తారు. డ్రోన్ వచ్చిన రోజున గాలి బాగా వీచింది. నీలం దుప్పటి అలలు అలలుగా కదిలింది. కంప్యూటరు దాన్ని చూసి, పదకొండు ఎకరాల చెరువు అని రాసుకుంది.

మ్యాపుకీ నేలకీ తేడా వస్తే నేలను సరిదిద్దాలన్నది సర్వే నియమావళిలో మొట్టమొదటి నిబంధన. నేల సర్దుకుంది. ఆ రోజు నుంచి ఆఫీసు పని మీద వచ్చిన ప్రతివాడికీ అక్కడ చెరువే. ఫోను కట్టేసుకుని వచ్చినా, కళ్ళు మూసుకుని వచ్చినా చెరువే. అక్కడే పుట్టి పెరిగినవాళ్ళకు మాత్రం ఎప్పటి సున్నపు దుమ్మే.

జనం అలవాటుపడ్డారు. బంగారమ్మ కూడా పడేదే. పక్కనున్న పద్నాలుగు అంతస్తుల అపార్టుమెంట్ల గేటు దగ్గర ఆమెకు ఇస్త్రీ బండి ఉంది. చెరువు వచ్చాక ఆ అపార్టుమెంట్లవాళ్ళు 'చెరువు కనిపించే ఫ్లాట్లు' అని కొత్త బోర్డు పెట్టుకున్నారు. బోర్డు వచ్చినప్పటి నుంచి చొక్కాలకు మడత మరీ పదునుగా ఉండాలంటున్నారు. అది తప్ప ఆమెకు పెద్ద ఇబ్బందేమీ లేకపోయింది, కూతురికి నర్సింగ్ కాలేజీలో సీటు వచ్చేదాకా.

కూతురి పేరు ఝాన్సీ. సీటు సొంతంగా తెచ్చుకుంది. శుక్రవారంలోగా నివాస ధ్రువపత్రం ఇవ్వాలి, లేకపోతే సీటు ఇంకొకరికి వెళ్ళిపోతుంది. తల్లీకూతుళ్ళు వార్డు కార్యాలయానికి వెళ్ళారు. సర్వే అధికారి భానోజీరావు మంచివాడు, కుర్చీలు వేయించాడు. తెర మీద కాలనీ చూపించాడు. నీలంగా, ప్రశాంతంగా ఉంది. మధ్యలో ఒక బాతు బొమ్మ కూడా ఉంది.

"మీ ఇల్లు ఈ బాతుకు కొంచెం కిందుగా వస్తుందమ్మా. నీళ్ళలో ఉండేవాళ్ళకు మేం నివాసం ఇవ్వలేం. వాళ్ళ లెక్క చేపల శాఖ చూస్తుంది," అన్నాడు.

చేపల శాఖలో ఇంకా మర్యాద చేశారు. కాలనీ జనాభా వాళ్ళ దగ్గర పక్కాగా ఉంది. మగ, ఆడ, పిల్ల అని వేరువేరుగా, సగటు బరువుతో సహా. ఝాన్సీకి అక్కడికక్కడే పత్రం చేసిచ్చారు. అందులో ఆమె ఆరోగ్యంగా ఉందనీ, మంచినీటి జాతి అనీ, పట్టుబడే వయసు వచ్చిందనీ రాసి ఉంది. కాలేజీవాళ్ళు దాన్ని రెండుసార్లు చదివి, చేపలకు నర్సింగ్‌లో రిజర్వేషన్ లేదని తిప్పి పంపారు.

ఆ సాయంత్రమే బంగారమ్మ వీధివాళ్ళందర్నీ పోగేసింది. టార్పాలిన్లు తీసేద్దామంది. డ్రోన్ మళ్ళీ వచ్చినప్పుడు కప్పులు కనిపిస్తాయి, చుక్కలు పడతాయి, అందరికీ నంబర్లు వస్తాయి.

కాలనీకి పెద్దగా చలామణీ అయ్యే ఎర్రునాయుడు అడ్డుపడ్డాడు. టార్పాలిన్లు కుట్టించింది అతనే, పై నుంచి అంత అందమైన చెరువు కనిపించడంలో తన పనితనం ఉందని లోపల కాస్త గర్వం కూడా ఉంది.

"వానొస్తే ఊరందరికీ నువ్వు గొడుగు పడతావేటి వదినా?"

"వానొస్తే తడుస్తాం మరిదీ. ఇప్పుడు తడవకుండానే మునిగిపోనాం కదా," అంది బంగారమ్మ.

అంతా కత్తెరలు తెచ్చుకున్నారు. తెల్లారేసరికి దుప్పటి మొత్తం విప్పేశారు. అరమడత పెట్టి, దొర్లించి, ఎవరి వాటా వాళ్ళు మంచాల కింద తోసుకున్నారు. డ్రోన్ వచ్చింది, గుండ్రంగా తిరిగింది, వెళ్ళింది. కాలనీ అంతా రేకులు, పెంకులు, పాత ఫ్లెక్సీలు బయటపెట్టుకుని చుక్కల కోసం ఎదురుచూసింది.

చుక్కలు రాలేదు. జీపులు వచ్చాయి.

జీపులు మునగలేదు. నేరుగా మూడో వీధిలోకి వచ్చి దుమ్ము రేపుకుంటూ ఆగాయి. అందులోంచి సీఐ కూర్మారావు దిగి, బూటుతో నేలను రెండుసార్లు తట్టి చూసుకున్నాడు. వెనక భానోజీరావు, ఆయన చేతిలో ట్యాబు. ఆ వెనక అపార్టుమెంట్ల సంఘం కార్యదర్శి, ఆయన చేతిలో ఖాళీ కాఫీ కప్పు.

ఫిర్యాదు కార్యదర్శిది. పొద్దున లేచి కాఫీ తెచ్చుకుని బాల్కనీలో నిలబడితే ఎదురుగా చెరువు లేదు. రాత్రి పడుకునేముందు ఉంది. భానోజీరావు పాత ఫోటోనూ కొత్త ఫోటోనూ పక్కపక్కన పెట్టి చూపించాడు. మొదటిదాంట్లో పదకొండు ఎకరాల చెరువు. రెండోదాంట్లో అదే చోట ఇళ్ళలాంటివేవో. చెరువు తనంతట తాను నడిచి వెళ్ళదు కనుక, ఎవరో ఎత్తుకుపోయి ఉండాలి. సీఐ కేసు కట్టాడు.

సోదా మొదలైంది. కానిస్టేబుళ్ళు డ్రమ్ముల మూతలు తీశారు. బిందెల్లోకి టార్చి వేసి చూశారు. ఒకతను ప్రతి ఇంట్లో కూజా ఎత్తి గుటకేసి, ఇది కుళాయి నీళ్ళే సార్, చెరువు కాదు అని రాయించాడు. ఎర్రునాయుడి మంచం కింద నీలం టార్పాలిన్ దొరికింది. సీఐ దాన్ని విప్పించి, వంగి, అరచేత్తో నిమిరాడు.

"ఇది చెరువు పైభాగం. లోతు ఎక్కడ దాచారు?" అన్నాడు.

ఎర్రునాయుడు చేతులు కట్టుకుని, తన దగ్గర పైభాగమే ఉందనీ, అదీ వాటాకు వచ్చిందేననీ విన్నవించుకున్నాడు. సీఐ అతని పేరు ట్యాబులో ముద్దాయిగా ఎక్కించబోయాడు. ట్యాబు తీసుకోలేదు. మళ్ళీ కొట్టాడు, మళ్ళీ తీసుకోలేదు. తెర మీద ఎర్రటి అక్షరాలు వచ్చాయి: నివాసం లేని వ్యక్తి నేరం చేయజాలడు.

అప్పుడు భానోజీరావు గొంతు సవరించుకున్నాడు. దానికి ఏర్పాటు ఉంది సార్ అన్నాడు. ముద్దాయి కోటాలో సర్వే అధికారి ఒక చుక్క పెట్టవచ్చు. చుక్క పెట్టగానే ఇంటికి నంబరు వస్తుంది, నంబరు రాగానే నివాసం, నివాసం రాగానే నేరం. అంతా నిమిషం పని. కాకపోతే ఒక్క నేరానికి ఒక్క చుక్కే. పట్టుకోవలసింది కూడా ఒక్క దొంగనే కనుక పొదుపుగా సరిపోతుంది.

ఆయన ఆ మాట మామూలు గొంతుతోనే అన్నాడు. కానీ వీధిలో బియ్యం ఏరుతున్నావిడ చేటను కింద పెట్టింది. కుట్టుమిషన్లు ఆగాయి. బంగారమ్మ ఝాన్సీ మొహం చూసింది, ఝాన్సీ తల్లి మొహం చూసింది.

అంతవరకూ చేతులు కట్టుకుని ఉన్న ఎర్రునాయుడు చేతులు విప్పాడు.

"బాబూ, అబద్ధం ఎందుకాడాల. సెరువు ఎత్తుకుపోనోణ్ణి నానే," అన్నాడు.

ఆ తర్వాత సీఐకి రాసుకోవడం కష్టమైంది. వీధి మలుపు దాకా వరస కట్టారు. ఒకతను బకెట్లతో తోడేశానన్నాడు. ఇంకొకతను తన మేకలకు పట్టించానన్నాడు, మేకలను కూడా వెంట తీసుకొచ్చాడు. ఇద్దరు అన్నదమ్ములు చెరువును చెరో సగం పంచుకున్నామని చెప్పి, తీరా చుక్క ఎవరింటి మీద పెట్టాలనే దగ్గర తగాదా పడి చొక్కాలు పట్టుకున్నారు. ఒక ముసలామె కర్ర తాటించుకుంటూ వచ్చి, తనకు షుగరు వ్యాధి ఉందనీ, దాహం ఎక్కువనీ, రాత్రి మెలకువ వచ్చి మొత్తం తాగేశాననీ వాంగ్మూలం ఇచ్చింది. సీఐ ఆమె వైపు చాలాసేపు చూశాడు. ఆధారాలు ఆమె వైపే బలంగా ఉన్నాయని ఆయనకు అనిపించింది.

వరస చివర బంగారమ్మ నిలబడింది. ఎర్రునాయుడు ఆమె దగ్గరికి వచ్చి, మెల్లగా, వదినా నువ్వు ఆడమనిషివి, దొంగతనం నీకెందుకు, పరువు పోద్ది అన్నాడు. పరువు ఉండాలంటే ముందు ఇంటికి నంబరుండాలి మరిదీ అని ఆమె కూడా మెల్లగానే చెప్పింది.

ఇన్ని నేరాంగీకారాలలో నిజమేదో తేల్చాలి. కూర్మారావు తన ఉద్యోగంలో నేరం ఒప్పించడానికి కష్టపడ్డాడే గానీ ఒప్పుకోకుండా ఆపడానికి ఎన్నడూ కష్టపడలేదు. జీపు బానెట్ మీద లాఠీతో కొట్టి అందరినీ నిశ్శబ్దం చేశాడు.

"సొత్తు ఎక్కడుందో చూపించినవాడే దొంగ. చెరువు ఇప్పుడు ఎక్కడుంది?"

మేకలతను మేకల వైపు చూశాడు. ముసలామె పొట్ట మీద చెయ్యి వేసుకుంది గానీ, బయటపెట్టమంటే కష్టమని వెనక్కి తగ్గింది. ఎర్రునాయుడు అమ్మేశానన్నాడు. ఎవరికమ్మావంటే నీళ్ళు నమిలాడు.

బంగారమ్మ ముందుకు వచ్చింది.

"నా ఇంటి గచ్చు కింద ఉన్నాది బాబూ. మొత్తం అక్కడే ఉన్నాది. సుక్క కూడా పోలేదు."

ఆ ఇల్లు వీధి మొత్తానికి చిన్నది. ఒకటే గది, గది మధ్యలో ఇస్త్రీ బట్టల మూటలు. మొగుడు పోయాక ఆమె ఒక్కో వరస ఇటుక పేర్చుకుంటూ లేపిన గోడలు. సీఐ గుమ్మంలో నిలబడి గచ్చు వైపు చూశాడు. కాలితో తట్టాడు. లోపల డొల్లగా ఉన్నట్టు వినిపించింది, గచ్చు సరిగా పడలేదు కనుక.

ఎర్రునాయుడికి ఒళ్ళు మండింది.

"అయితే తవ్వండి బాబూ. తవ్వితే నిజమేదో తేలిపోద్ది," అన్నాడు.

ఝాన్సీ గోడల వైపు చూసింది. గునపం గచ్చులో దిగితే గోడలు నిలవవు. గోడలు నిలవకపోతే చుక్క పెట్టడానికి కప్పుండదు. అప్పటికే ఒక కానిస్టేబులు జీపులోంచి గునపం తెచ్చాడు. ఇంకొకతను మూటలు పక్కకు లాగుతున్నాడు. గునపం పైకి లేచింది.

"తవ్వండి బాబూ, నానొద్దన్ను. నా మాట ఒకటినండి," అంది బంగారమ్మ. "మా ఓలందరికీ ఈ నీలు పొడినేలే. తవ్వినా తడవం. మీరు మాత్రం డూటీ మీద వచ్చినారు. పదకొండెకరాల నీలు ఒక్క కన్నంలోంచి పైకొస్తే ఎంత లేస్తాదో మీరే లెక్కేసుకోండి. ఈత రాని బాబులుంటే ముందే అరుగెక్కి నిలబడమనండి."

గునపం గాలిలోనే ఆగింది. పట్టుకున్నతను సీఐ వైపు చూశాడు. సీఐ తన బూట్ల వైపు చూసుకున్నాడు. భానోజీరావు ఎవరూ అడగకుండానే వెళ్ళి జీపు ఎక్కి కూర్చున్నాడు. సంఘం కార్యదర్శి తనది ప్రైవేటు ఫిర్యాదనీ, తాను డ్యూటీలో ఉన్నట్టు కాదనీ చెప్పి, అయినా సరే కాఫీ కప్పును తలకంటే ఎత్తుగా పట్టుకున్నాడు.

"తవ్వవద్దు," అన్నాడు సీఐ. "సొత్తు దొరికిన చోటు. సాక్ష్యం చెడిపోకూడదు. తీర్పు వచ్చేవరకు ఈ ఇంటి ఇటుక కూడా ఎవరూ కదపడానికి వీల్లేదు. తవ్వడానికి వీల్లేదు, కూల్చడానికి వీల్లేదు."

తీర్పు ఎప్పుడొస్తుందని బంగారమ్మ అడిగింది. ఇలాంటి కేసులు ఒక తరం నడుస్తాయని ఆయన నిజాయితీగా చెప్పాడు. ఆమె చెంగుతో మొహం తుడుచుకుంది.

పంచనామా రాస్తుండగా కూర్మారావు ఆమెతో కాస్త స్నేహంగా మాట్లాడాడు. పుట్టింది ఈ ఊళ్ళోనే అట. చిన్నప్పుడు ఇక్కడ నిజంగానే ఒక చెరువుండేదన్నాడు, తాను ఈత నేర్చుకుంది అందులోనేనన్నాడు. ఎక్కడ బాబూ అని ఆమె అడిగితే, పెన్నుతో అపార్టుమెంట్ల వైపు చూపించాడు. పద్నాలుగు అంతస్తులూ దాని మీదే లేచాయి.

"మరి ఆల్లనడగలేదేటి?"

"వాళ్ళకు ముందే చుక్కలున్నాయమ్మా. చుక్క ముందొస్తే నివాసి అంటాం. నేరం ముందొచ్చి చుక్క తర్వాతొస్తే ముద్దాయి అంటాం. అంతే తేడా," అన్నాడు. ఆయన గొంతులో కోపం గానీ వెటకారం గానీ లేవు. కార్యదర్శి పక్కనే ఉండి విన్నాడు, అవునన్నట్టు తల ఊపాడు.

భానోజీరావు జీపులోంచే ట్యాబు మీద వేలు పెట్టాడు. సున్నపుబట్టీల కాలనీ మీద మొట్టమొదటి చుక్క పడింది. వీధి వీధంతా తెర మీదికి వంగి చూసింది. అంత చిన్నదని ఎవరూ అనుకోలేదు.

ఝాన్సీ మోకాలి మీద దరఖాస్తు పెట్టుకుని కూర్చుంది. చిరునామా అనే గడి దగ్గర పెన్ను ఆపింది.

"సార్, మా అమ్మ దొంగని తెలిస్తే నాకు సీటిస్తారా?" అంది.

"దొంగ కూతురికి ఇవ్వకూడదని రూల్ లేదమ్మా. చిరునామా లేనివాళ్ళకు ఇవ్వకూడదని ఉంది," అన్నాడు భానోజీరావు.

ఎర్రునాయుడు గోడకానుకుని ఆ చుక్కనే చూశాడు. తర్వాత సీఐ పక్కకు చేరి, ఊళ్ళో ఇంకా ఏమైనా పోయాయా అని వాకబు చేశాడు. బడి దగ్గర ఆటస్థలం పోయిందన్నారు, పార్కు ఒకటి పోయిందన్నారు, కొండలో సగం లేదన్నారు, వాటికెవరైనా పట్టుబడ్డారా అని అడిగాడు. ఇంకా లేదని సీఐ చెప్పాడు. కొండకు తన పేరు రాసుకోమన్నాడు ఎర్రునాయుడు. ఆటస్థలానికి మేకలతను చెయ్యెత్తాడు. ముసలామె పార్కు తాను తినేశానని చెప్పడానికి మళ్ళీ వరసలోకి వచ్చింది. భానోజీరావు అందరి పేర్లూ రాసుకుని, నేరాలు రుజువైన కొద్దీ చుక్కలు పెడదామని హామీ ఇచ్చాడు. చాలా ఏళ్ళలో ఆ కాలనీకి ఒక అధికారి ఇచ్చిన మొదటి హామీ అది. జనం చప్పట్లు కొట్టారు.

దొంగ పేరు నేరస్థలంలో, నలుగురూ వినేట్టు చదవాలని నియమం. సీఐ టోపీ సరిచేసుకుని కాగితం తీశాడు. పైన అపార్టుమెంట్ల బాల్కనీల్లో కూడా జనం వచ్చి నిలబడ్డారు, కొందరి ఒంటి మీద బంగారమ్మ ఇస్త్రీ చేసిన చొక్కాలే ఉన్నాయి. ఆయన గబగబా చదివేయబోతే బంగారమ్మ ఆపింది.

"కూసింత నిదానంగా సదవండి బాబూ. మా గుంట రాసుకుంటాది," అంది. చెంగు భుజం మీదుగా కప్పుకుని, ఫోటోకు నిలబడినట్టు నిలబడింది.

కూర్మారావు గొంతు పెంచి, మాట మాటకూ మధ్య ఆగుతూ చదివాడు.

"చెరువు దొంగ. గనగళ్ళ బంగారమ్మ. భర్త, కీర్తిశేషులు అప్పన్న. ఇంటి నంబరు ఒకటి, మూడో వీధి, సున్నపుబట్టీల కాలనీ."